పదకొండు రాత్రులకు ఏడు ఊళ్ళు

ప్రశ్న: నేను కాకినాడలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. మావారు బ్యాంకులో పనిచేసి కిందటేడు రిటైరయ్యారు. మా అక్క కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాడు, ఒక్కసారైనా రమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. వచ్చే మే నెలలో, బడి సెలవుల్లో, 16 రోజులు ఆస్ట్రేలియా వెళ్ళి వద్దామనుకుంటున్నాం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్, ఉలూరు, కెయిర్న్స్, గోల్డ్ కోస్ట్, సిడ్నీ చూడాలని జాబితా రాసుకున్నాం. ఉలూరు కొండ ఎక్కాలని మావారి కోరిక, పగడపు దిబ్బలు చూడాలని నా కోరిక. మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి, వీలైతే అక్కడి నుంచి కెయిర్న్స్ దాకా కూడా కారులోనే తిప్పుతానని మావాడు అంటున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరం శాకాహారులం. మా ఆలోచన సరిగ్గా ఉందా? సొంతంగా వెళ్ళడం మేలా, ప్యాకేజీలో వెళ్ళడమా? మావాడు కాజాలు, పాలకోవా తెమ్మన్నాడు. తీసుకెళ్ళనిస్తారా?

సమాధానం: మీ జాబితాలో ఉన్న ఊళ్ళలో చూడదగనిది ఒక్కటీ లేదు. ఇబ్బంది ఊళ్ళతో కాదు, వాటి మధ్య ఉన్న దూరంతో. గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో ఆస్ట్రేలియా ఒక మూలన ఒదిగి కనిపిస్తుంది కాబట్టి అందులోని ఊళ్ళు కూడా పక్కపక్కనే ఉంటాయని మొదటిసారి వెళ్ళేవాళ్ళందరికీ అనిపిస్తుంది. నిజానికి ఆ దేశం వైశాల్యంలో మన దేశానికి రెట్టింపు కన్నా ఎక్కువ. సిడ్నీ నుంచి పెర్త్‌కు విమానంలో సుమారు అయిదు గంటలు పడుతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు పట్టే సమయం అంతకన్నా కాస్త తక్కువే. సిడ్నీ నుంచి కెయిర్న్స్ ఎంత దూరమంటే హైదరాబాద్ నుంచి శ్రీనగర్ ఎంతో దాదాపు అంత. మీవాడు కారులో తిప్పుతానంటున్న దారి మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి సుమారు 880 కిలోమీటర్లు, అక్కడి నుంచి కెయిర్న్స్‌కు మరో 2,400 కిలోమీటర్లు. పిన్ని మీద ప్రేమతో అన్న మాట అది, ప్రేమగానే వద్దనండి.

ఇప్పుడు మీ 16 రోజులను కాగితం మీద పెడదాం. మొదటి రోజు సాయంత్రం కాకినాడలో రైలెక్కితే రెండో రోజు ఉదయం హైదరాబాద్‌లో దిగుతారు. ఆ రాత్రి విమానం ఎక్కి, సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో మారి, మూడో రోజు సాయంత్రానికో రాత్రికో మెల్‌బోర్న్ చేరతారు. తిరుగు ప్రయాణంలో పద్నాలుగో రోజు సిడ్నీలో బయలుదేరితే ఆ రాత్రికి హైదరాబాద్, మర్నాడు సాయంత్రం రైలు, పదహారో రోజు ఉదయం ఇల్లు. అంటే ఆస్ట్రేలియాలో మీరు పడుకునేది సరిగ్గా 11 రాత్రులు, ఆ రాత్రుల మధ్య చేతికి వచ్చేవి 10 పూర్తి పగళ్ళు. ఏడు ఊళ్ళు తిరగాలంటే ఆరుసార్లు ఊరు మారాలి. ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలు పోతుంది. ఇక మిగిలేవి నాలుగు పగళ్ళు, చూడవలసినవి ఏడు ఊళ్ళు.

ఊరు మారితే పగలంతా ఎందుకు పోతుందని మీకు అనుమానం రావచ్చు, విమానం మూడు గంటలే కదా అని. ఆ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించుకోండి. పొద్దున్నే లేచి, రాత్రి ఆరేసిన బట్టలు తడి ఆరాయో లేదో తడిమి చూసి, పెట్టె సర్ది, పదింటికల్లా గది ఖాళీ చేస్తారు. అక్కడి వసతి గృహాల్లో చాలా చోట్ల పది గంటలే గడువు. విమానాశ్రయానికి ముప్పావు గంట, విమానానికి ముందు గంటన్నర, విమానంలో మూడు గంటలు, దిగాక పెట్టె కోసం అరగంట, మళ్ళీ ఊళ్ళోకి ఇంకో ముప్పావు గంట. కొత్త గది తాళం చేతికొచ్చి, టీ కెటిల్ ఎక్కడుందో వెతుక్కునేసరికి సాయంత్రం నాలుగున్నర. మేలో అక్కడ శరత్కాలం ముగుస్తూ ఉంటుంది, మెల్‌బోర్న్‌లో అయిదుంబావు దాటగానే పొద్దు గూకుతుంది. చాలా దుకాణాలు కూడా ఆ వేళకే మూసేస్తారు. ఆ రోజు మీరు చూసింది రెండు విమానాశ్రయాలు.

అందుకే ఊళ్ళ పేర్లు రాసుకున్న జాబితాను పక్కన పెట్టి, రాత్రుల జాబితా రాసుకోమని నా సలహా. ఒక ఊరికి మూడు రాత్రుల కన్నా తక్కువ ఇవ్వవలసి వస్తే, బలమైన కారణం ఉంటే తప్ప ఆ ఊరిని కొట్టేయండి. పెర్త్ ఒక్కటే పడమటి తీరాన ఉంది, దాన్ని మరో ప్రయాణానికి ఉంచుకోండి. అడిలైడ్ చక్కటి ఊరే గాని మొదటి ప్రయాణానికి తప్పనిసరి కాదు. గోల్డ్ కోస్ట్ ప్రధానంగా సముద్ర తీరం, ఎత్తయిన భవనాలు, పిల్లల కోసం కట్టిన వినోద పార్కులు. కాకినాడ వాళ్ళకు ఇసుక తీరం చూపించడానికి అంత దూరం తీసుకెళ్ళడం నాకు న్యాయంగా తోచడం లేదు. మిగిలినవి మెల్‌బోర్న్, ఉలూరు, కెయిర్న్స్, సిడ్నీ.

ఈ నాలుగు కూడా 11 రాత్రుల్లో ఇరుకే. మీ బడి సెలవులు నెలన్నర ఉంటాయి, మీవారు రిటైరయ్యారు. 16 రోజులనే హద్దు ఎవరు పెట్టారో మీ ఉత్తరంలో లేదు. టికెట్టు ఖర్చు 16 రోజులకైనా 20 రోజులకైనా ఒకటే, పెరిగేది నాలుగు రాత్రుల బస, భోజనం. వీలైతే 20 రోజులు చేయండి. అప్పుడు చేతికి 15 రాత్రులు వస్తాయి: మెల్‌బోర్న్‌లో 5, ఉలూరులో 2, కెయిర్న్స్‌లో 4, సిడ్నీలో 4. ఊరు మారేది మూడుసార్లే కాబట్టి 11 పగళ్ళు పూర్తిగా మీవి. ఉలూరుకు రెండే రాత్రులేమిటంటే, అక్కడ చూసేది కొండను, దాని పక్క కొండలను; ఒక సూర్యాస్తమయం, ఒక సూర్యోదయం, మధ్యలో ఒక పూర్తి పగలు చాలు. 16 రోజులు మించకూడదంటే ఉలూరును వదిలి మెల్‌బోర్న్ 4, కెయిర్న్స్ 3, సిడ్నీ 4 చేసుకోండి. మీవారికి కోపం వస్తుందని తెలుసు, అందుకే మొదటి పద్ధతినే ముందు చెప్పాను.

మీవారి కోరికలో ఒక సవరణ ఉంది. ఉలూరు ఎక్కడాన్ని 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా నిషేధించారు. ఆ కొండ అనంగు అనే ఆదివాసులకు పవిత్రం. 1985లో ఆ నేలను ప్రభుత్వం వాళ్ళకు తిరిగి అప్పగించింది, ఎక్కవద్దని వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా కోరుతూ వచ్చారు. కొండ చుట్టూ నడవడానికి మాత్రం చక్కటి దారి ఉంది, పదిన్నర కిలోమీటర్లు, అంతా చదునే. సింహాచలం గిరిప్రదక్షిణ చేసే మనవాళ్ళకు ఆ నడక కొత్తగా అనిపించదు. మోకాళ్ళు సహకరించకపోతే మాలా నడక అని రానూపోనూ రెండు కిలోమీటర్ల దారి ఉంది, కునియా నడక అని నీటి మడుగు దాకా వెళ్ళే ఇంకా చిన్న దారి ఉంది. మీవారు చుట్టూ తిరిగి వచ్చేలోపు మీరు ఆ మడుగు దగ్గర కూర్చోవచ్చు. దగ్గరకు వెళ్ళి చూస్తే ఆ రాయి ఫోటోల్లోలా నున్నగా ఉండదు. తుప్పు పట్టిన ఇనుములా పెచ్చులు పెచ్చులుగా, వాన నీళ్ళు జారిన నల్లటి చారలతో ఉంటుంది. ముఖం మీద ఈగలు ముసురుతాయి, వల ఉన్న టోపీ అక్కడే అమ్ముతారు. చూసి నవ్వకండి, రెండో రోజుకు మీరే కొంటారు.

ఉలూరు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఆలిస్ స్ప్రింగ్స్‌కు టికెట్టు కొనడం. పటంలో రెండూ దగ్గరగా కనిపిస్తాయి గాని మధ్య దూరం దాదాపు 450 కిలోమీటర్లు, కాకినాడ నుంచి హైదరాబాద్ కన్నా కాస్త తక్కువ. మీరు దిగవలసింది ఎయర్స్ రాక్ అనే విమానాశ్రయంలో, ఉండవలసింది దాని పక్కనే ఉన్న యులారాలో. యులారాలో బస ఖరీదు, గదులు పరిమితం. మెల్‌బోర్న్ నుంచి నేరుగా విమానం ఉంటుంది గాని, అక్కడి నుంచి కెయిర్న్స్‌కు నేరుగా వెళ్ళే విమానం ప్రతిరోజూ ఉండదు. కాబట్టి మీ ప్రయాణం మొత్తానికి తేదీలు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. అరుదుగా తిరిగే విమానం ఏ రోజుందో చూసి, దాని చుట్టూ మిగతా రోజులు అమర్చుకోవాలి. మెల్‌బోర్న్, సిడ్నీల మధ్య విమానాలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి, అటువంటి వాటిని చివర్లో చూసుకున్నా నష్టం లేదు.

నెల విషయంలో మీకు తెలియకుండానే మంచి పని చేశారు. మన వాళ్ళు ఎక్కువగా డిసెంబర్‌లో వెళ్తారు. అప్పుడు అక్కడ నడి వేసవి, బడి సెలవులు, అన్నీ ఖరీదు. మేలో అక్కడి బడులు నడుస్తుంటాయి కాబట్టి రద్దీ తక్కువ. ఉత్తరాన ఉన్న కెయిర్న్స్‌లో వానాకాలం వెనక్కి తగ్గి నూలు బట్టలు సరిపోయే వాతావరణం ఉంటుంది. ఉలూరులో పగలు హాయిగా, తెల్లవారుజామున వణుకు పుట్టేలా ఉంటుంది. మెల్‌బోర్న్‌లో చలి, అప్పుడప్పుడూ వాన, ఒకే రోజులో అన్నీ. అరకు వెళ్ళినప్పుడు వేసుకునే స్వెట్టర్ కాకుండా గాలి ఆపే కోటు ఒకటి కావాలి. మందమైన బట్టలు కాకినాడలో కొనవద్దు, మీవాడి ఇంట్లో అరువుకు దొరుకుతాయి.

మెల్‌బోర్న్‌తో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. అంత ప్రయాణం చేసి దిగినప్పుడు గుమ్మంలో మన మనిషి ఉండడం, ఆ రాత్రి ఇంత చారన్నం దొరకడం చిన్న విషయం కాదు. అక్కడ ట్రాములు ఎక్కడం, కార్డు తాకించడం, రోడ్డు దాటడం మీవాడి పక్కన నేర్చుకుంటే తర్వాత ఊళ్ళలో భయం ఉండదు. వాడి కారుకు కూడా పని ఉంది. గ్రేట్ ఓషన్ రోడ్ అని సముద్రం వెంబడి 243 కిలోమీటర్ల దారి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా దాన్ని తవ్వారు. దాని చివరి భాగంలో సముద్రంలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలను పన్నెండుగురు అపోస్తలులు అంటారు. ఉన్నవి పన్నెండు కావు. 2005లో ఒకటి కళ్ళముందే కూలిపోయింది కూడా. ఒక్కరోజులో వెళ్ళి వచ్చేద్దామని మీవాడు అంటాడు, ఒప్పుకోవద్దు. తీరం వెంట ఆగుతూ పోతే అక్కడికి చేరేసరికి సాయంత్రమవుతుంది, తిరుగుదారంతా చీకట్లో. పొద్దు వాలాక కంగారూలు రోడ్ల మీదికి వస్తాయి. అపోలో బే లోనో పోర్ట్ క్యాంప్‌బెల్‌లోనో ఒక రాత్రి ఉండి మర్నాడు లోపలి దారిన తిరిగి రండి. మరో సాయంత్రం ఫిలిప్ ద్వీపానికి వెళ్తే, చీకటి పడ్డాక సముద్రంలోంచి గుంపులు గుంపులుగా చిట్టి పెంగ్విన్లు ఒడ్డెక్కి గూళ్ళకు నడిచి పోవడం చూడవచ్చు. ఫోటోలు తీయనివ్వరు, అదే మేలు.

మీ పగడపు దిబ్బలకు కెయిర్న్స్ సరైన చోటు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే ఆ దిబ్బల వరుస సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. ఈత రాదని, మోకాళ్ళు బాగోలేవని వెనకాడకండి. వెలుపలి దిబ్బల దగ్గర సముద్రంలో తేలే వేదికలు కట్టారు, అక్కడి నుంచి అడుగున అద్దాలున్న పడవలో కూర్చొని కింద చూడవచ్చు. పడవ ప్రయాణం గంటన్నర, రెండు గంటలు ఉంటుంది, అలలు గట్టిగానే ఊపుతాయి. వాంతులు రాకుండా మాత్ర పడవ ఎక్కక ముందే వేసుకోవాలి, మొదలయ్యాక లాభం లేదు. అంత దూరం వద్దనుకుంటే గ్రీన్ ఐలండ్ ముప్పావు గంటే. నీళ్ళలో దిగితే, విషపు జెల్లీ చేపల కాలం మే దాకా ఉంటుంది కాబట్టి వాళ్ళిచ్చే ఒళ్ళంతా కప్పే తొడుగు వేసుకోండి. దిబ్బల కోసం కెయిర్న్స్ చేరిన మర్నాడే పడవ బుక్ చేసుకోవాలి. గాలి ఎక్కువై ఆ రోజు పడవ వెళ్ళకపోతే ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటాయి. చివరి రోజుకు పెట్టుకున్నవాళ్ళు చూడకుండా తిరిగి వస్తారు. మిగిలిన రోజు కొండ మీది కురండా ఊరికి పాత కొండ రైలులో ఎక్కి, అడవి పైనుంచి వచ్చే తీగ బండిలో (కేబుల్ కారులో) దిగండి.

సిడ్నీ గురించి ఎక్కువ చెప్పను, అది మీ చేయి పట్టుకొని తనే తిప్పుతుంది. సర్క్యులర్ కీ అనే పడవల రేవు నుంచి మ్యాన్లీకి మామూలు పడవ ఎక్కితే అరగంటలో ఒపెరా హౌస్, హార్బర్ వంతెన రెండూ నీళ్ళ మీద నుంచి కనిపిస్తాయి. విహార నౌక అక్కర్లేదు. బ్లూ మౌంటెన్స్‌కు రైలులో రెండు గంటలు. బస్సు, రైలు, పడవ అన్నింటికీ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, కాని ఇద్దరికీ వేరువేరు కార్డులుండాలి. హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఊరికి దక్షిణాన 45 కిలోమీటర్ల దూరంలో.

ఇక నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు కెయిర్న్స్ నుంచి ఉదయం విమానంలో సిడ్నీకి వచ్చి, అదే మధ్యాహ్నం ఇంటికి వచ్చే విమానం ఎక్కేలా టికెట్లు కొన్నాను, రెండూ వేరువేరుగా. ఉదయం విమానం రెండు గంటలు ఆలస్యమైంది. సిడ్నీలో దేశీయ విమానాలు దిగే భవనం వేరు, విదేశీ విమానాలు ఎక్కే భవనం వేరు, మధ్యలో బస్సో రైలో పట్టుకోవాలని అక్కడ దిగాక తెలిసింది. పెట్టెలు లాక్కుంటూ చేరేసరికి కౌంటర్ మూసేశారు. ఒకే టికెట్టు కాదు కాబట్టి ఆ బాధ్యత ఎవరిదీ కాలేదు. ఆ రోజు కొత్త టికెట్లకు పెట్టిన డబ్బుతో కెయిర్న్స్‌లో ఇంకో వారం ఉండేవాళ్ళం. అందుకే మీకు చివరి నాలుగు రాత్రులు సిడ్నీలో పెట్టాను: ఇంటికి వచ్చే విమానం ఎక్కే ఊళ్ళోనే ముందు నుంచి ఉండాలి. మెల్‌బోర్న్‌లో దిగి సిడ్నీలో ఎక్కే టికెట్టు బుకింగ్‌లో మల్టీ సిటీ అనే చోట దొరుకుతుంది, మామూలు రానూపోనూ టికెట్టుకు దగ్గరగానే ఉంటుంది. మళ్ళీ మెల్‌బోర్న్‌కు వెనక్కి రావలసిన పని తప్పుతుంది.

దేశీయ విమానాల్లో చవక టికెట్టుకు చేతి సామాను 7 కిలోలే ఉచితం, గేటు దగ్గర తూస్తారు కూడా. పెట్టెకు డబ్బు టికెట్టుతో పాటే కట్టేయండి, అక్కడ కడితే ఎక్కువవుతుంది. విదేశీ విమానంలో ఎంత బరువు ఇస్తే అంతా నింపకుండా, మనిషికి 20 కిలోల పెట్టె ఒకటి అనుకోండి. పై అరలో పెట్టె మీరే ఎత్తాలి, మెట్లు మీరే ఎక్కాలి, ఆ మోకాళ్ళను గుర్తుపెట్టుకొని సర్దండి.

ప్యాకేజీ గురించి అడిగారు. వంటవాణ్ణి వెంట తీసుకెళ్ళే బృందాలు మన దగ్గర ఉన్నాయి, పూర్తి శాకాహారులకు అది పెద్ద ఊరట. కాని వాళ్ళ కాగితంలో ఊళ్ళు కాకుండా రాత్రులు లెక్కపెట్టండి, తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరే రోజులెన్నో లెక్కపెట్టండి. మీ విషయంలో మీవాడు ఒకచోట ఉన్నాడు, భాష ఇంగ్లీషు, మీకు వచ్చు, సొంతంగానే వెళ్ళమంటాను. కెయిర్న్స్‌లోనూ సిడ్నీలోనూ హోటల్ గది కాకుండా వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, పెరుగు, కూరగాయలు ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాయి. యులారాలో మాత్రం దుకాణం ఒకటే, అక్కడి రెండు రోజులకు అటుకులు, పొడులు మెల్‌బోర్న్‌లోనే మూట కట్టుకోండి.

వీసా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, సందర్శకుల వీసా సబ్‌క్లాస్ 600. మీరు ప్రభుత్వోద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి ముందే కావాలి; ఆ ఫైలు కదలడానికి పట్టే కాలం నాకన్నా మీకే బాగా తెలుసు, కాబట్టి దాన్ని ఈ వారమే మొదలుపెట్టండి. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనవద్దు, గదులు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. ప్రయాణ బీమాలో మీవారి బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాయండి. దాచిన జబ్బుకు బీమా డబ్బు ఇవ్వదు, అక్కడి ఆసుపత్రి ఖర్చు మనం భరించగలిగేది కాదు. మందులు డాక్టర్ చీటీతో, అసలు డబ్బాల్లోనే తీసుకెళ్ళండి.

కాజాల సంగతి చివరికి ఉంచాను. విమానంలో ఇచ్చే కార్డు మీద తినే వస్తువులున్నాయా అని అడుగుతారు. ఉన్నాయని రాయండి, ఏది ఉన్నా సరే. చెప్పిన వస్తువును వాళ్ళు చూసి వద్దనుకుంటే తీసుకుంటారు, అంతే. చెప్పకుండా దొరికితే భారీ జరిమానా వేస్తారు, వీసా రద్దయిన సందర్భాలూ ఉన్నాయి. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు అసలు వద్దు. దుకాణంలో సీలు వేసి, ఏమేమి కలిపారో ఇంగ్లీషులో అచ్చు వేసిన కాజాల పెట్టె అయితే తీసుకెళ్ళి చూపించండి. పాల పదార్థాలను మన దేశం నుంచి రానివ్వరు. ఆ కోవా మీవాడికి చేరదు. కట్టించుకునే ఉంటే సింగపూర్‌లో విమానం మారే లోపు మీరిద్దరే తినెయ్యండి.